ఎనిమిది గజాల గళ్ల గుడ్డ

గోపాలపట్నంలో మా ఆవిడకు కుట్టు షాపు ఉంది. పోర్టులో డ్యూటీ దిగాక ఆమెను ఇంటికి తీసుకెళ్లడానికి నేను రోజూ అక్కడికి వెళ్తుంటాను. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం అలా వెళ్లినప్పుడు షాపు వెనక ఖాళీ స్థలంలోంచి ఒక మోత వినిపించింది. సన్నాయిలా ఉంది, సన్నాయి కాదు. కింద ఒకటే స్వరం ఆగకుండా మోగుతోంది, దాని మీద పాట నడుస్తోంది. మా ఆవిడ జాకెట్టుకు హుక్కులు కుడుతూ, "ఆయనెవరో రిటైరైన మిలిటరీ ఆయనండి, మూడు రోజుల నుంచీ ఇదే గోల," అంది. నేను సందులోంచి వెనక్కి వెళ్లాను.

అరవై దాటిన మనిషి. చంకలో సంచి, భుజం మీద మూడు గొట్టాలు, బుగ్గలు ఉబ్బించి ఊదుతున్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. మా తాత తిత్తి ఊదేవాడు. మేకతోలు సంచిలోకి గాలి ఊది, కథలు చెప్పే వాళ్ల వెనక నిలబడి రాత్రంతా శ్రుతి పట్టేవాడట. నేను ఆయన్ని చూడలేదు. తిత్తి ఒకటి మా ఇంటి దూలానికి ఎండిపోయి వేలాడుతుండడం మాత్రం చిన్నప్పుడు చూశాను. ఆ పెద్దమనిషి పాట ఆపాక ఈ సంగతి చెప్పాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, ఏం పని చేస్తావని అడిగాడు. ఓడలు కడతానన్నాను. రేవుకు వచ్చిన ఓడ మీంచి తాడు విసురుతారు, దాన్ని లాగి గట్టు మీద ఇనుప గుంజకు తగిలించాలి, అదే నా ఉద్యోగం. సముద్రం ఒడ్డున పుట్టావా అన్నాడు. అవునన్నాను. "అయితే ఊపిరుంటాది. రేపు రా," అన్నాడు.

అలా ఆయన నాకు మాస్టారయ్యాడు. పాతికేళ్లు సైన్యంలో బ్యాగ్‌పైపు వాయించి వచ్చిన మనిషి. నాతో కలిపి ఎనిమిది మందిని పోగేశాడు. వాళ్లలో నలుగురు మాజీ సైనికులు. ఇద్దరు డప్పు వాళ్లు. ఒకాయన బ్యాంకులో పని చేస్తాడు. రెండేళ్లు పట్టింది మా ఊదుడు పాటలాగా వినిపించడానికి. చుట్టుపక్కల ఇళ్ల వాళ్లు ఆ రెండేళ్లూ మమ్మల్ని భరించారు.

పోయిన ఏడాది వానలు తగ్గే రోజుల్లో మాజీ సైనికుల సంఘం వాళ్లు బీచ్ రోడ్డు మీద కవాతు పెట్టుకుని మమ్మల్ని పిలిచారు. కవాతు ముందు మా బ్యాండు నడవాలి. మాస్టారి మోకాళ్లు అంత దూరం సహకరించవు కాబట్టి ముందు వరసలో నేను నడవాలని ఆయనే తేల్చాడు. మిగతా వాళ్లకు నల్ల ప్యాంట్లు, తెల్ల చొక్కాలు చాలు. ముందు నడిచేవాడు మాత్రం కిల్టు కట్టాలి అన్నాడు, అదీ అసలైనది.

కిల్టంటే ఏమిటో అప్పటిదాకా నేను ఫొటోల్లో చూసిందే. స్కాట్లాండు మగవాళ్లు కట్టుకునే ఉన్ని గుడ్డ, నడుము నుంచి మోకాలి దాకా ఉంటుంది, గళ్లు గళ్లుగా ఉంటుంది. ఆ మర్నాడు మాస్టారు తన రేకు పెట్టెలోంచి పాత కిల్టు తెచ్చి మా ఆవిడ కుట్టు బల్ల మీద పరిచాడు. ఉద్యోగం వదిలి వచ్చేటప్పుడు అడిగి తెచ్చుకున్నాడట. ముందు వైపు చదునుగా రెండు పొరలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. వెనక అంతా కుచ్చిళ్లే. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది, లోపలికి చెయ్యి పెట్టింది, ఒక కుచ్చిలి ఎత్తి కుట్టు చూసింది. ఆమె పుట్టింటి వాళ్లది గోదావరి జిల్లా. మా మామగారు స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. స్కూలు యూనిఫారాలు, జాకెట్లు, పరికిణీలు, పెళ్లికూతుళ్ల లెహంగాలు ఆమె కుట్టనివి లేవు. అలాంటి మనిషి ఆ పాత గుడ్డలో కుచ్చిళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

చివరికి, "మాస్టారూ, ఇది మిషను మీద కుట్టింది కాదు. అంతా చేత్తోనే. నేను కుడతాను," అంది.

ఆయన నవ్వి, తయారైంది తెప్పించుకోవచ్చులే తల్లీ అన్నాడు. ఆమె వినలేదు. నాకూ లోపల అదే కోరిక ఉంది కానీ నేను అడగలేదు. ఆమే అనేసరికి ఆ రోజంతా నాకు నేల మీద కాలు నిలవలేదు.

స్కాట్లాండులో ఉన్న నేత మిల్లుకు ఉత్తరం రాస్తే అరచేతంత గుడ్డ ముక్కలు నాలుగు పంపారు. ఎంచుకోవడానికి మాకు వారం పట్టింది. అక్కడ ఒక్కో వంశానికి ఒక్కో గళ్ల వరస ఉంటుందనీ, మనకు ఏ వంశమూ లేదు కాబట్టి అందరూ కట్టుకోదగిన వాటిలోంచే ఎంచుకోవాలనీ మాస్టారు చెప్పాడు. వచ్చిన నాలుగూ అలాంటివే. ఒకటి మంచి ఎరుపు. నా కన్ను దాని మీదే ఉంది. మా ఆవిడ ముక్కలన్నీ పట్టుకుని షాపు బయటికి వచ్చి, రోడ్డు మీద ఎండలో ఒక్కొక్కటే నా నడుముకు ఆనించి, దూరం జరిగి చూసింది. బస్సుకోసం నిలబడ్డవాళ్లు కూడా చూశారు. ఎరుపు ట్యూబులైటు కింద బాగుంది కానీ ఎండలో నన్ను మింగేసింది. బూడిద రంగుదీ గోధుమ రంగుదీ పాత దుప్పట్లలా ఉన్నాయి. నాలుగోది ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, మధ్యలో తెల్లటి సన్న గీత. లోపల చూస్తే నల్లగా, ఏమీ లేనట్టే ఉంది. ఎండలోకి తెచ్చేసరికి నీలం లేచింది.

"ఇదే," అంది మా ఆవిడ. నేను ఎరుపు ముక్కను రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగి, చివరికి ఒప్పుకున్నాను.

ఆ ఆదివారం పేటకు వెళ్లాం. మా అమ్మానాన్నా ఉండేది సముద్రపు ఒడ్డున జాలరి పేటలో. మా నాన్నకు డెబ్బై దగ్గర పడుతున్నా ఇప్పటికీ వేటకు వెళ్తాడు. భోజనాలయ్యాక నేను గుడ్డ ముక్క తీసి అమ్మకు చూపించాను. ఆమె దాన్ని వేళ్లతో నలిపి చూసి, ఎంత మందమో అని ఆశ్చర్యపోయింది. నాన్న తీసుకుని వాసన చూశాడు.

"గొర్రె వాసనొత్తంది. ఏటి సేత్తావు దీంతో?"

చెప్పాను. ఫోనులో ఫొటో చూపించాను. ఆయన మొహం మారిపోయింది.

"పెళ్లయినోడివి, మగోడివి, బీచ్ రోడ్డు మీద లంగా కట్టుకుని నడుత్తావా? మన పేటోళ్లందరూ అక్కడే ఉంతారు. రేపు నాను ఒడ్డుకెల్తే నా మొకం మీదే నవ్వుతారు."

లంగా కాదని, సైనికులు కట్టుకుని యుద్ధాలకు వెళ్లేవారని, నాకు తెలిసిందంతా చెప్పాను. ఆయన ఆ గుడ్డ ముక్కను నా చేతిలో పెట్టేశాడు. "నువ్వెల్లు. నాను రాను," అని లేచి ఒడ్డుకు వెళ్లిపోయాడు. ఆయన నడుముకు కట్టుకున్న తుండు మోకాలికి పైనే ఉంది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది కానీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, ఇది మానేద్దామా అని మా ఆవిడను అడిగాను. గుడ్డకు ఆర్డరు పెట్టేశానని చెప్పింది. పొద్దున్నే పెట్టిందట.

పార్సిలు మూడు వారాలకు షాపుకు వచ్చింది. ఆ సమయానికి నేను ఒక బొగ్గు ఓడను కట్టించే పనిలో ఉన్నాను. తాడు బిగుసుకునేటప్పుడు ఫోను ముట్టకూడదు. జేబులో అది నాలుగుసార్లు కొట్టుకుంది. ఓడ నిలిచాక చూస్తే నాలుగూ ఆమె కాల్సే. తిరిగి చేస్తే, పార్సిలు వచ్చింది, నేను విప్పలేదు, మీరు తిన్నగా ఇక్కడికి వచ్చేయండి అంది. డ్యూటీ అయ్యేదాకా ఉండడం గగనమైంది. వెళ్లేసరికి పార్సిలు మూల కొంచెం చిరిగి ఉంది. వాసన చూశానంతే అంది.

విప్పాం. బల్ల మీద పరిచాం. ఆ గుడ్డ బరువు చేతుల్లో తెలుస్తోంది. మా ఆవిడ టేపు తీసుకుని కొలవడం మొదలుపెట్టింది, మూడో గజం దాటింది, నాలుగో గజానికి గుడ్డ అయిపోయింది. మళ్లీ కొలిచింది. మళ్లీ నాలుగే. మాకు కావలసింది ఎనిమిది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కవాతుకు ఇంకా పద్దెనిమిది రోజులే ఉన్నాయి. స్కాట్లాండు నుంచి మళ్లీ తెప్పించే వ్యవధి లేదు. నేను మాస్టారి ఇంటికి పరుగెత్తాను. ఆయన చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా నాతో వచ్చి, గుడ్డను ఒక్కసారి అడ్డంగా చాపి చూశాడు.

"పన్నా సూడలేదా తల్లీ? ఇది రెండింతల పన్నా. నిలువునా సీరితే నాలుగూ నాలుగూ ఎనిమిది."

మా ఆవిడ తల పట్టుకుని నవ్వింది. ఇరవై ఏళ్లుగా గుడ్డలు కొలిచే మనిషి ఆత్రంలో వెడల్పు చూడడమే మరిచిపోయింది. కానీ నవ్వు ఆగాక అసలు భయం మొదలైంది. మధ్యకు నిలువునా కత్తెర పెట్టాలి. గీత తప్పితే మరో గుడ్డ లేదు. ఆ రోజు ఆమె ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే, కస్టమర్లు రాకముందు, షట్టరు సగం దించి కూర్చుంది. నన్ను గుడ్డ చివర పట్టుకోమంది, మాట్లాడొద్దంది. తెల్ల గీత పక్కనే, ఒక్క పోగు కూడా అటూ ఇటూ పోకుండా, కొంచెం కొంచెం కోస్తూ చివరిదాకా వచ్చింది. కత్తెర కింద పెట్టి అప్పుడు ఊపిరి వదిలింది. నేనూ అప్పుడే వదిలాను.

రెండు ముక్కలూ కలిపే కుట్టు ఒక కుచ్చిలి మడతలో దాక్కునేలా పెట్టింది. ఇక కుచ్చిళ్లు. వాటిలోనే విద్య అంతా ఉందని మాస్టారు ముందే చెప్పాడు. గుడ్డలో గళ్ల వరస ఒకటి పూర్తయి మళ్లీ మొదటికి వచ్చే చోట మడవాలి. ప్రతి మడతా అలాగే పెడితే, గుడ్డంతా లోపలికి పోయి కూడా, వెనక నుంచి చూసేవాళ్లకు గళ్లు ఎక్కడా తెగనట్టు, పరిచిన గుడ్డలాగే కనిపించాలి. పైన నడుము దగ్గర సన్నం, కింద తుంటి దగ్గర వెడల్పు. తుంటి దాకా చేత్తో కుట్టి, ఆ కింద వదిలెయ్యాలి. మా ఆవిడ షాపులో పని పక్కన పెట్టి రోజంతా అదే కూర్చుంది. పద్నాలుగు కుచ్చిళ్లు వచ్చాయి. నేను సాయంత్రం వెళ్లేసరికి వాటిని దీపం కింద పట్టుకుని, తెల్ల గీతలు ఒకదాని పక్కన ఒకటి ఎలా కలిశాయో నాకు చూపించింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

మర్నాడు మాస్టారు చూసి చాలా మెచ్చుకున్నాడు. తర్వాత మెల్లగా తన పాత కిల్టు పక్కన పెట్టి, "మడత ఎటు తిరిగిందో సూడమ్మా," అన్నాడు.

ఆమె చీర కుచ్చిళ్లు మడిచినట్టు మడిచింది. చిన్నప్పటి నుంచీ చేతికి అలవాటైన వాటం. అలా వెళ్తే ముందు పొర ఎడమ పక్కకు వచ్చి మూసుకుంటుంది. మగవాళ్ల కిల్టు కుడి పక్కనే మూయాలి. మాస్టారు ఇక్కడ ఎవరికి తెలుస్తుందిలే, ఇలాగే కానిచ్చెయ్యి అన్నాడు. ఆమె ఒక్క క్షణం కిల్టు వైపు చూసి, చిన్న కత్తెర తీసుకుని మొదటి కుట్టు తెంపింది. "తెలుస్తుందండీ. నాకు తెలుస్తుంది కదా," అంది. పద్నాలుగూ విప్పింది. నేను ఆ రెండు రోజులూ సెలవు పెట్టి షాపులో కూర్చున్నాను. నాకు కుట్టు రాదు. కుట్లు విప్పడం, దారాలు ఏరడం, ఇస్త్రీ చేసి పాత మడత గీతలు పోగొట్టడం నా పనులు. తడి గుడ్డ పైన వేసి ఇస్త్రీపెట్టె నొక్కి ఎత్తాలి తప్ప రుద్దకూడదని ఆమె నాకు నేర్పింది. రుద్దితే ఉన్ని మెరుపు తేలుతుందట. ఆ రెండు రోజులూ మా పెళ్లయ్యాక మేం గడిపిన మంచి రోజుల్లో చేరతాయి. మధ్యాహ్నం పక్క హోటలు నుంచి పెసరట్లు తెప్పించుకుని, గుడ్డ మీద నూనె పడకుండా గుమ్మం బయట నిలబడి తిన్నాం.

ఇరవై తొమ్మిది కుచ్చిళ్లయ్యాక కొలత చూసే రోజు వచ్చింది. మాస్టారు నన్ను మోకాళ్ల మీద నేలపై కూర్చోమన్నాడు. అలా కూర్చుంటే అంచు నేలను తాకీ తాకనట్టు ఉండాలి. ప్యాంటులాగా తుంటి మీద కాదు, బొడ్డుకు పైన కట్టాలి. నేను నిటారుగా మోకరిల్లాను, మా ఆవిడ వెనక నుంచి స్కేలు పట్టుకుని నేల మీద చెంప ఆనించి చూస్తోంది. జాకెట్టు ఇవ్వడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆమె తల ఎత్తకుండానే, "అరంగుళం ఎత్తు. సరిపోయింది," అంది. ఆ అరంగుళం విని నాకు పరీక్ష పాసైనట్టు అనిపించింది.

కవాతు ఆదివారం పొద్దున. ఐదింటికే లేచాను. కట్టుకోవడానికి ముప్పావు గంట పట్టింది. లోపలి పొరను ఎడమ పక్క చీలికలోంచి పట్టీ తీసి బిగించాలి, పై పొరను కుడి పక్క రెండు బకిళ్లతో బిగించాలి. మోకాలి కింద దాకా ఉన్ని మేజోళ్లు, వాటికి ఎర్ర పట్టీలు. ముందు గొలుసుతో వేలాడే తోలు సంచి. పై పొర అంచుకు ఒక పెద్ద పిన్ను పెట్టాలి. నేను రెండు పొరలూ కలిపి గుచ్చబోతే ఆమె చెయ్యి పట్టుకుంది. పై పొరకు మాత్రమే పెట్టాలి, రెండూ కలిపితే నడకలో గుడ్డ చిరుగుతుంది. లోపల ఏం వేసుకోవాలన్న ప్రశ్నకు మాస్టారు ముందే తీర్పు చెప్పాడు. అక్కడి ఆచారం లోపల ఏమీ వేసుకోకపోవడమే అయినా మన బీచ్ గాలి సంగతి తెలిసిన వాళ్లం కాబట్టి నిక్కరు వేసుకో అన్నాడు.

ఆటోలో కూర్చోవడం కూడా ఒక పనే. రెండు చేతులతో వెనక కుచ్చిళ్లు కిందికి సవరించుకుంటూ కూర్చోవాలి, లేకపోతే నలిగిపోతాయి. మా ఆవిడ నా చేత ఇంట్లో కుర్చీ మీద పదిసార్లు చేయించింది. ఆటో డ్రైవరు అద్దంలోంచి చూస్తూ చూస్తూ ఎన్ఏడీ కూడలి దాటాక ఆగలేకపోయాడు.

"ఏటి బావా, నాటకమా?"

"బ్యాండు," అన్నాను.

"బరువుంతాదేటి?"

రెండు కిలోలు పైనే ఉంటుందని చెప్పాను. అతను తల ఊపి, ఈ ఉక్కలో దాన్ని ఎలా మోస్తున్నావో అన్నాడు. నిజంగానే అప్పటికే నా నడుము చుట్టూ చెమట కారుతోంది. కానీ ఆ బరువు నాకు హాయిగానే ఉంది.

బీచ్ రోడ్డు మీద జనం అప్పుడే చేరుతున్నారు. మా పేట వాళ్లు ఇసుక వైపు గోడ మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే వాళ్లలో నవ్వు లేచింది. చిన్నప్పుడు నాతో ఈదినవాడొకడు, "మీ ఆవిడది కట్టుకొచ్చీసినావేటి బావా?" అని అరిచాడు. అమ్మ వాళ్ల మధ్య నిలబడి ఉంది. నాన్న లేడు. నా చెవులు వేడెక్కాయి. మాస్టారు నా పక్కకు వచ్చి, బ్యాగ్‌పైపు సంచి సరిచేసే నెపంతో నా భుజం మీద చెయ్యి వేశాడు. "నడిస్తే నవ్వరు. నిలబడితేనే నవ్వుతారు," అన్నాడు మెల్లగా.

డప్పు మొదలైంది. నేను సంచిలోకి గాలి నింపి అరచేత్తో ఒక్కటి కొట్టాను, గొట్టాలు మోగాయి, వెనక ఐదుగురివీ మోగాయి. మొదటి అడుగు వేశాను. అప్పుడు తెలిసింది ఆ ఎనిమిది గజాలు దేనికో. ఎడమ కాలు వేసినప్పుడు వెనక గుడ్డంతా ఒక్కసారిగా ఒక పక్కకు ఊగింది, కుడి కాలికి రెండో పక్కకు. కుచ్చిళ్లు విచ్చుకోవడం, మళ్లీ మూసుకోవడం నా మోకాళ్ల వెనక తగులుతోంది. తాళం నా నడుములోకి వచ్చేసింది. నేను అడుగు లెక్కపెట్టడం మానేశాను, గుడ్డే నన్ను నడిపించింది. సముద్రం మీంచి గాలి వచ్చి ముందు పొరను ఎత్తబోయింది, పిన్ను బరువుకు అది మళ్లీ పడింది. గోడ మీది నవ్వులు ఎప్పుడు ఆగాయో నాకు తెలియదు. ఒక మలుపు దగ్గర చూసేసరికి పేట పిల్లలు మా పక్కనే అడుగులు వేస్తూ వస్తున్నారు. మా ఆవిడ ఫుట్‌పాత్ మీద పరుగులాంటి నడకతో మా వెంట వస్తోంది. నా మొహం చూడడం లేదు. కుచ్చిళ్లే చూస్తోంది.

సగం దారిలో పడవలు నిలిపే చోట, అందరికీ దూరంగా, నాన్న కనిపించాడు. వల కుప్ప మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను చూశానని ఆయనకు తెలిసింది. కదల్లేదు, మొహం తిప్పుకోలేదు. నేను ఊదుతున్న పాటలో ఊపిరి తగ్గకుండా ఉండడానికి గట్టిగా సంచి నొక్కాను.

చివర్లో వాన పడింది. పెద్దదేమీ కాదు, పావుగంట. మేం ఆపలేదు. కానీ ఆ ఉన్ని తడిసి బరువు రెట్టింపయింది, గొర్రెల మంద మధ్య నిలబడ్డట్టు వాసన వచ్చింది. కవాతు అయిపోయాక అందరూ చుట్టూ చేరి నా చేతులు ఊపుతుంటే, ఫొటోలు తీస్తుంటే, మా ఆవిడ మధ్యలోకి దూరి ఇంటికి పదండి అంది. నేను ఇంకా గాల్లో ఉన్నాను. ఆమెకు గుడ్డ బెంగ.

ఇంటికి వచ్చాక ఎండలో వేద్దామన్నాను. వెలిసిపోతుందని నా మీద కేకలేసింది. ముందు దులిపింది. నేల మీద పాత దుప్పటి పరిచి దాని మీద కిల్టు బోర్లా పెట్టి, ఒక్కో కుచ్చిలినీ వేలితో సవరించి, కదలకుండా పొడుగు దారంతో వదులు కుట్లు వేసింది. ఫ్యాను పెట్టింది. రెండు రోజులు ఆ గదిలో ఎవరూ నడవలేదు, వంటింట్లో చేపలు వేయించడం కూడా బంద్. మూడో రోజు తడిగుడ్డ వేసి నొక్కి, ఆ వదులు కుట్లు విప్పి, బ్రష్షుతో పైనుంచి కిందికి దువ్వింది. క్లిప్పుల హ్యాంగరుకు తగిలించి, మన ఊరి తేమకు బూజు పట్టకుండా బీరువాలో కాకుండా గాలి తగిలే చోట గుడ్డ సంచిలో పెట్టింది. పురుగులు రాకుండా ఎండు వేపాకు మూటలు వేసింది. నీళ్లలో ఉతకడమన్న మాటే లేదని నాకు గట్టిగా చెప్పింది.

తర్వాతి ఆదివారం నాన్న మా ఇంటికి వచ్చాడు. ఆయన గోపాలపట్నం రావడమే అరుదు. రెండు బస్సులు మారి వచ్చాడు, చేతిలో చేపల సంచి. మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని, అటూ ఇటూ చూసి, ఏదీ అది అన్నాడు. నేను సంచి విప్పి చూపించాను. ఆయన వెనక పక్కకు తిప్పి, ఒక కుచ్చిలిని ఎత్తి వదిలాడు. మళ్లీ ఎత్తి వదిలాడు.

"మీ తాత తిత్తి ఊదుతుంటే నాను పక్కన కూకునీవోణ్ణి. అయిదేళ్లుంతాయి నాకు," అన్నాడు. "మొన్న ఆ మోత ఇంటే అదే మతికొచ్చింది. కాళ్లు కదల్లేదురా."

ఆయన నా వైపు చూడకుండా మా ఆవిడతో, "నాను ఓపాలి కట్టి సూత్తానమ్మా," అన్నాడు.

ఆమె నవ్వలేదు. తలుపు దగ్గరికి వేసి, ఆయన తుండు మీదే కిల్టు చుట్టింది. నాన్న నాకంటే సన్నం. బకిళ్లు చివరి రంధ్రం దాకా వచ్చాయి. అది బొడ్డుకు పైకి ఉండాలని ఆమె చెప్తే, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. యాభై ఏళ్ల నుంచీ వల లాగిన కాళ్లు, ఎండకు నల్లగా, పిక్కలు రాళ్లలా ఉన్నాయి. నిజం చెప్పాలంటే నాకంటే ఆయనకే బాగుంది. మా ఆవిడ ఫోను తీసి ఫొటో తీస్తుంటే నాన్న గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచాడు. తిరిగినప్పుడు వెనక గుడ్డ ఊగడం తెలిసి, మళ్లీ కావాలని తిరిగాడు. అలా ఎన్నిసార్లు తిరిగాడో. చివరికి మా ఆవిడ భోజనానికి పిలిచి ఆపాల్సి వచ్చింది.

వెళ్తూ వెళ్తూ ఆ ఫొటో తన ఫోనులోకి పంపించమన్నాడు. సాయంత్రానికి అది పేటలో అందరి ఫోన్లలోకీ వెళ్లిందని అమ్మ ఫోను చేసి చెప్పింది. ఇప్పుడు బ్యాండులో మిగతా ఏడుగురూ తమకూ కావాలంటున్నారు. మా ఆవిడ వాళ్ల కొలతలు తీసుకుంటోంది. బ్యాంకు ఆయనకు పొట్ట ఉంది, ఆయనకు ఎనిమిది గజాలు చాలవేమోనని నిన్నటి నుంచీ ఆలోచిస్తోంది.